మొదటి బంతి

పెళ్ళివారింట్లో మొదటి బంతికి జరిగే మర్యాద మూడో బంతికి జరగదన్నది అందరికీ తెలిసిన రహస్యమే. మొదటి బంతివాడి విస్తరిలో వంగినంతగా నేతిగిన్నె మూడో బంతివాడి విస్తరిలో వంగదు. బూరెలు అప్పటికే లెక్కలోకి వచ్చేస్తాయి. వియ్యాలవారి తాలూకు మనిషి ఎవరైనా రెండో బంతికి మిగిలిపోతే ఆ మాట పదేళ్ళదాకా రెండు కుటుంబాల్లోనూ నలుగుతూనే ఉంటుంది. ఇంతా చేసి, పెళ్ళి చేస్తున్న ఇల్లుగలాయనా, ఆయన ఇల్లాలూ భోంచేసేది ఆఖరి బంతిలో. అందుకని వారిని ఎవరూ తక్కువగా చూడరు.

ధర్మరాజు రాజసూయంలోనూ గొడవ వచ్చింది దీనిమీదే. మొదటి పూజ కృష్ణుడికెందుకన్న మాటతో మొదలై శిశుపాలుడి తల తెగడంతో ముగిసింది. ఆ కథ క్లాసులో చెప్పినప్పుడల్లా వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు, "ఇంత చిన్న విషయానికా, మేడమ్!" అంటారు. ఆ పిల్లలే సాయంత్రం బస్టాండులో, ఆగీ ఆగని బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టుకుంటూ నాకు కనిపిస్తారు.

అయితే రుమాలు సంగతి వేరు, అగ్రపూజ సంగతి వేరు. రుమాలు వేసేవాడికి గౌరవంతో పనిలేదు. రెండు గంటల ప్రయాణంలో నడుం ఆనించడానికింత చోటు కావాలి. రిజర్వేషను చేయించుకున్నవాడు రుమాలు విసరడం ఎవరైనా చూశారా? బెర్తు నెంబరు జేబులో ఉన్నవాడు టీ తాగి, పత్రిక కొనుక్కుని, బండి కదలబోయే ముందు నింపాదిగా ఎక్కుతాడు.

ఈ రెండు రకాల ముందుతనమూ కలగలిసిపోయి, ఏది ఏదో తెలియకుండా పోయిన చోటొకటి నేను 2023 డిసెంబరులో చూశాను. అది అమెరికాలో విహారనౌకలు ఎక్కే రేవు.

మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. అమ్మనూ నన్నూ అక్కడికి పిలిపించుకున్నాడు. వాడికి ఓడ ప్రయాణాలంటే మహా సరదా. అప్పటికే చాలాసార్లు వెళ్ళొచ్చాడు. "అమ్మకి డెబ్భై మూడేళ్ళు వచ్చాయక్కయ్యా, ఇప్పుడు చూపించకపోతే ఇంకెప్పుడు చూపిస్తాం?" అని మాకొక గది, వాళ్ళ ముగ్గురికీ ఒక గది తీసుకున్నాడు. డాలస్ నుంచి కారులో అయిదు గంటలు ప్రయాణం చేసి గాల్వెస్టన్ అనే రేవుపట్నం చేరాం. 1900 సెప్టెంబరులో వచ్చిన తుఫానుకు వేలమంది కొట్టుకుపోయిన ఊరది. ఆ తరువాత సముద్రానికి అడ్డంగా పెద్ద గోడ కట్టుకున్నారు. తమ్ముడు ఆ గోడ చూపించి కథ చెబుతూంటే, అమ్మ 1977 దివిసీమ ఉప్పెన తలుచుకుని కాసేపు మాట్లాడలేదు.

ఓడ ఎక్కడమంటే రైలెక్కడం లాంటిది కాదు. మామూలుగా ఓడ తెల్లవారుజామున రేవుకు వస్తుంది. వెనకటి యాత్రవాళ్ళు నాలుగైదువేలమంది దిగిపోవాలి. ఆ గదులన్నీ తుడిచి, దుప్పట్లు మార్చి, కూరలూ పాలూ మాంసమూ నింపుకుని, మళ్ళీ అంతమందిని ఎక్కించుకుని అదే సాయంత్రం కదిలిపోవాలి. 2024 జనవరిలో మయామీ నుంచి మొదటి యాత్రకు బయలుదేరిన ఐకన్ ఆఫ్ ద సీస్ అనే ఓడలో గదికి ఇద్దరు చొప్పున లెక్క వేస్తేనే 5,610 మంది. అన్ని పడకలూ నిండితే ఏడువేల ఆరువందలు. మా ఓడ అంతటిది కాదు గాని, అదీ ఒక ఊరే.

అంతమందీ ఒక్కసారి వచ్చి పడితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. అందుకని ప్రయాణం కొన్ని వారాలుందనగానే ఎవరి ఫోనులో వాళ్ళు పాస్‌పోర్టు వివరాలిచ్చి, ఫోటో తీసి పంపి, రేవుకు రావలసిన వేళ ఎంచుకుంటారు. పదకొండుకు కొందరు, పదకొండున్నరకు కొందరు. రేవులో దిగగానే పెద్దపెట్టెలు కూలీలు పుచ్చుకుంటారు. వాటికి ముందే గది నెంబరున్న చీటీ కట్టి ఉండాలి. అవి సాయంత్రానికి గది గుమ్మంలో ఉంటాయి. మనం తనిఖీ దాటి, మొహం చూపించి, లోపలికి పోవడమే. ఓడ కదలడానికి గంట ముందే ప్రయాణికుల చిట్టా అమెరికా ప్రభుత్వానికి చేరాలి కనుక ఆలస్యంగా వచ్చినవాణ్ణి, వాడెంత గొప్పవాడైనా, ఎక్కించుకోరు. ఇంతవరకూ బాగానే ఉంది. ఈ పద్ధతి మన పుష్కరఘాట్ల దగ్గర ఉంటే ఎంత బాగుండునని కూడా అనుకున్నాను.

చిక్కల్లా దీనిపైన ఇంకొక వరుస ఉండటంలో వచ్చింది. అదే ప్రయారిటీ. ఖరీదైన గదులు తీసుకున్నవారికి ఒక దారి. అదే కంపెనీ ఓడల్లో పదేపదే ప్రయాణం చేసేవారికి మరొక దారి. ఈ రెండోవారికి బిరుదులుంటాయి. రాయల్ కరీబియన్ వారి పద్ధతిలో రాత్రికొక పాయింటు. మూడు పాయింట్లకు బంగారం, ముప్ఫైకి ప్లాటినం, యాభై అయిదుకు మరకతం, ఎనభైకి వజ్రం, నూట డెబ్భై అయిదుకు ఇంకా గొప్ప వజ్రం. ఏడువందలు దాటినవారు శిఖరం. మన ప్రబంధాల్లో రాజుల కిరీటాలు వర్ణించినప్పుడు కూడా ఇంత క్రమంగా ఉండదు. కార్నివాల్ వారు ఇంకా సూటి మనుషులు. బిరుదుల కోసం కాచుకోలేనివారికి ఈ ముందుతనాన్ని విడిగా వెలకట్టి అమ్ముతూ వచ్చారు. ఎం.ఎస్.సి. వారి ఓడల్లో యాట్ క్లబ్ అనే విభాగం తీసుకుంటే, రేవులోనే సేవకుడు ఎదురొచ్చి వెంటబెట్టుకుని తీసుకుపోతాడు.

మేమెక్కిన ఓడ ఎవరిదన్నది ఇక్కడ అనవసరం. వారి లెక్కలో మా తమ్ముడికి పై మెట్టు బిరుదొకటి వచ్చి ఉంది. తనిఖీ దాటగానే హాలులో దారి రెండుగా చీలింది. వాడు ఫోను చూపిస్తే అక్కడున్న అమ్మాయి నవ్వుతూ కుడివైపు దారి చూపించింది. వాడూ, మా మరదలూ, పిల్లవాడూ అటు తిరిగారు. మేమూ తిరిగాం. ఆ అమ్మాయి అంతే నవ్వుతో చెయ్యి అడ్డం పెట్టింది. ఆ సౌకర్యం ఆ గదిలో ఉన్నవారికేనట. మా గది వేరు.

తమ్ముడు ఏవో రెండు మాటలు చెప్పి చూశాడు. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, ఆమె ఉద్యోగం ఆమె చేసుకుంటోంది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళు. "నానమ్మ ఎందుకు రాకూడదు, డాడీ?" అని గట్టిగానే అడిగాడు. మా మరదలు మాటాడకుండా మా వరుసలోకి వచ్చి నిలబడింది. తమ్ముడి ముఖం చూస్తే, పెళ్ళిలో తల్లిని రెండో బంతికి వదిలేసి తాను మొదటి బంతిలో కూర్చున్నవాడిలా అయిపోయింది.

"అందరం ఇటే వద్దామమ్మా," అన్నాడు.

అమ్మ ఒప్పుకోలేదు. "నీకిచ్చిన దారి నువ్వెందుకు వదులుకోవాలిరా? పెళ్ళాన్నీ పిల్లణ్ణీ తీసుకుని నువ్వు ముందెళ్ళు. వెళ్ళి చోటు పట్టు. మేం వెనకాల వస్తాం."

"చోటేమిటమ్మా! గదులు ఎప్పుడో ఇచ్చేశారు. నీ మంచం నీకే ఉంటుంది. ఎవరూ పడుకోరు."

"అయితే మరి ముందు ఎక్కించడం ఎందుకురా?"

వాడి దగ్గర జవాబు లేదు. నిజం చెప్పాలంటే ఆ హాలులో ఎవరి దగ్గరా లేదనే నా అనుమానం. "సరేలే, వెళ్ళి చోటు పట్టు," అని అమ్మ మళ్ళీ ఆజ్ఞాపించింది. ముగ్గురూ వెళ్ళారు.

అమ్మ నోట ఆ మాట ఊరికే రాలేదు. ఆమె తాతగారు రంగం వెళ్ళినవారు. ఇప్పటి పిల్లలకు రంగమంటే నాటకరంగమో యుద్ధరంగమో అనిపిస్తుంది గాని, గోదావరి జిల్లాలవాళ్ళకూ విశాఖపట్నంవాళ్ళకూ ఒకప్పుడు రంగమంటే రంగూనే. బర్మావాళ్ళు తెలుగువాళ్ళను కోరంగీలనేవారు. కాకినాడ పక్కనున్న కోరంగి రేవు పేరది. ఆ రేవు మట్టి పూడిపోయినా పేరు మాత్రం సముద్రం దాటి అక్కడ నిలిచిపోయింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో మనదేశంవాళ్ళు పదిలక్షలకు పైమాటే. రంగూను పట్నంలోనైతే సగానికి మించి వాళ్ళే.

తాతగారు కాకినాడలో ఎక్కారట. అక్కడ పెద్ద ఓడలు ఒడ్డుకు రాలేవు. మైళ్ళ దూరంలో లంగరు వేసుకుంటే పడవల్లో వెళ్ళి ఎక్కాలి. టిక్కెట్టు డెక్కుది. డెక్కు టిక్కెట్టంటే మంచం లేదు, గది లేదు, నెంబరు లేదు. చాప పరిచినంతమేర మనది. ఇంజను దగ్గరైతే సెగ, మరుగుదొడ్ల దగ్గరైతే కంపు, కప్పు లేనిచోటైతే ఎండా వానా. అందుకని ప్రతి బృందంలోనూ కాలుచేయి చురుగ్గా ఉన్న కుర్రవాడొకడు చంకలో చాపచుట్టతో ముందు పాక్కుంటూ ఎక్కి, గాలీ నీడా ఉన్నచోట పదిమందికీ సరిపడా చాపలు పరిచి, వాటిమీద బోర్లా పడుకునేవాడట. ఆడవాళ్ళూ, పిల్లలూ, మూటలూ వచ్చేదాకా లేచేవాడు కాదు. తాతగారు మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ కుర్రవాడు ఆయనే. అమ్మ చిన్నప్పుడు ఆయన ఈ కథ చెబుతూ నేలమీద బోర్లా పడుకుని చూపించేవారట.

1942లో జపానువాళ్ళు వచ్చిపడ్డప్పుడు ఓడల్లో చోటు దొరికినవాళ్ళు ఓడల్లో వచ్చారు. దొరకనివాళ్ళు లక్షల్లో అడవులూ కొండలూ పట్టి నడిచారు. దారిలో వేలమంది పోయారు. తాతగారు నడిచి వచ్చినవాళ్ళలో ఒకరు. ఆ నడక గురించి మాత్రం ఆయన ఎవరికీ ఏమీ చెప్పలేదట. డెక్కుమీద చాప కథే చెప్పేవారు.

మా వరుస నెమ్మదిగా కదులుతోంది. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. నడవలేనివారికి చక్రాల కుర్చీ ఇస్తారు, తోసుకెళ్ళే మనిషినీ ఇస్తారు, ముందు పంపిస్తారు. అడిగితే మాకూ ఇచ్చేవారే. అమ్మ వద్దంది. మా పక్కనుంచి ఆక్సిజను సీసా కట్టుకున్న ఒక ముసలాయనను కుర్చీలో తీసుకుపోయారు. వరుసలో ఒక్కరూ గొణగలేదు. అందరూ పెట్టెలు పక్కకు లాక్కుని దారిచ్చారు. కుడివైపు దారిలో వెళ్ళేవాళ్ళను చూసినప్పుడు మాత్రం మెడలు సాగుతున్నాయి. ఏ మెట్టువాడో, ఎంత పెట్టాడోనని.

"టైటానిక్‌లో కూడా ఇలాగే డబ్బున్నవాళ్ళని ముందు ఎక్కించారా?" అంది అమ్మ. ఆ సినిమా ఆవిడ రెండుసార్లు చూసింది.

"లేదమ్మా, వాళ్ళు ఆఖర్న ఎక్కారు," అన్నాను.

అది అమ్మకే కాదు, మొదట చదివినప్పుడు నాకూ వింతగా తోచిన సంగతి. 1912 ఏప్రిల్ 10న సౌతాంప్టన్‌లో టైటానిక్ మధ్యాహ్నం పన్నెండుకు బయలుదేరింది. మూడో తరగతివాళ్ళను తీసుకొచ్చిన రైలు పొద్దున తొమ్మిదిన్నరకే రేవుకు చేరింది. వాళ్ళను ముందు రప్పించి, కళ్ళూ తలా పరీక్ష చేసి ఎక్కించారు. జబ్బున్నవాణ్ణి అమెరికా వెనక్కి పంపిస్తే ఆ ఖర్చు కంపెనీ నెత్తిన పడుతుంది మరి. మొదటి తరగతివారి రైలు పదకొండున్నరకు గాని రాలేదు. దిగారు, ఎక్కారు, ఓడ కదిలింది. కాచుకోవడమనేది బీదవాళ్ళ పని. అక్కర్లేకపోవడమే గొప్పతనం, మన పెళ్ళి యజమాని ఆఖరి బంతిలాగా. ఆ సాయంత్రం ఫ్రాన్సులోని షెర్బూర్గ్‌లో ఒడ్డునుంచి ఓడదాకా జనాన్ని చేర్చిన చిన్న ఓడలు రెండు. నొమాడిక్ మొదటి, రెండో తరగతులవారికి. ట్రాఫిక్ మూడో తరగతివారికీ టపా సంచులకూ. ఆ నొమాడిక్ ఇప్పటికీ బెల్‌ఫాస్ట్‌లో భద్రంగా ఉంది.

ఆ రోజుల్లో ముందుతనమంతా దిగడంలో ఉండేది. న్యూయార్కు చేరాక మొదటి, రెండో తరగతులవారిని ఓడలోనే నామమాత్రంగా చూసి రేవులో దింపేసేవారు. మూడో తరగతివారిని పడవల్లోకి మార్చి ఎల్లిస్ దీవికి తీసుకుపోయేవారు. 1892 నుంచి 1954 దాకా నడిచింది ఆ దీవి. అక్కడి బల్లలమీద గంటలకొద్దీ కూర్చుంటే గాని దేశంలో అడుగు పడేది కాదు.

ఇప్పుడు ఎక్కేటప్పుడే ముందుతనం అమ్ముతున్నారెందుకో నాకు తోచినది చెబుతాను. గదులన్నీ నెంబర్లవే అయ్యాయి. డెక్కు టిక్కెట్టు పోయింది. చాలామంది ఒకే భోజనశాలలో తింటారు, ఒకే ఈతకొలనులో దిగుతారు. అన్నీ అందరికీ ఉన్నచోట ఎక్కువిచ్చినవాడికి ఎక్కువ ఏమివ్వాలి? ఓ గంట ఇవ్వవచ్చు. దానికి కంపెనీకి కానీ ఖర్చు లేదు. పక్క వరుసలో మేం నిలబడి ఉంటే చాలు. మేం లేకపోతే ఆ కుడివైపు దారికి విలువే లేదు.

మా వంతు వచ్చేసరికి యాభై నిమిషాలయింది. అమ్మ చెయ్యి పట్టుకుని వంతెనమీదుగా ఓడలోకి అడుగుపెట్టాను. లిఫ్టులో పైకి వెళితే భోజనశాల తిరనాళ్ళలా ఉంది. ముందెక్కినవాళ్ళందరూ అక్కడే ఉన్నారు. గదులు ఒంటిగంటన్నరకు గాని ఇవ్వరట! వజ్రాలూ మరకతాలూ కూడా భుజాన సంచులు వేలాడేసుకుని, చేతిలో పళ్ళాలతో కుర్చీల కోసం వెతుక్కుంటున్నాయి.

దూరంగా కిటికీ పక్కన మా తమ్ముడు లేచి చెయ్యి ఊపాడు. ఒక కుర్చీమీద పిల్లవాడి టోపీ, ఇంకో కుర్చీమీద మరదలి శాలువా. బల్లకు అడ్డంగా వాడి కోటు. అద్దంలోంచి సముద్రం నిండుగా కనిపిస్తోంది. "ముగ్గురు వచ్చి అడిగారే అమ్మా, లేవలేదు," అన్నాడు. అమ్మ కూర్చుని, మోకాళ్ళు రుద్దుకుంటూ, వాడి వంక చూసిన చూపు నాకింకా గుర్తుంది. తాతగారి చాప కథ వాడికి తెలియదు. అప్పుడే చెప్పింది.

పక్షపాతం లేకుండా చెప్పాలంటే ముందెక్కినందుకు వాడికి ఇంకొకటి కూడా దక్కింది. జనం లేని పైడెక్కుమీద కొడుకుతో పావుగంట బంతాట ఆడాడట. అది కొనదగినదే అంటాడు. నేను కాదనను.

ఓడ కదిలేలోగా అందరూ ఒక పని చెయ్యాలి. ప్రమాదం వస్తే ఎక్కడ చేరాలో ఆ చోటికి వెళ్ళి చూసి, చూశామని నమోదు చేయించుకోవాలి. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకార్డియా ఒరిగిపోయి 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే ఎక్కినవాళ్ళకు ఆ కసరత్తు ఇంకా జరగనేలేదు. ఆ తరువాత నియమం బిగించారు; బయలుదేరే ముందో బయలుదేరిన వెంటనేనో జరిగి తీరాలి. ఏ గదివారికి ఏ చోటన్నది ఆ గది ఎక్కడుందన్నదాన్నిబట్టి ఉంటుంది. బిరుదులు అక్కడ పనికిరావు. మా గది ముందుభాగంలో, తమ్ముడిది వెనకభాగంలో. మాకొక చోటు, వాళ్ళకొక చోటు. ఇది విని అమ్మ హాలులో కంటే ఎక్కువ కలవరపడింది. "ఏదైనా జరిగితే మనం కలిసి ఉండమా?" అని రెండుసార్లు అడిగింది. టైటానిక్‌లో సుమారు 2,200 మందికి పడవల్లో ఉన్న చోటు 1,178 మందికే. మొదటి తరగతిలో పదిమందికి ఆరుగురు బతికారు, మూడో తరగతిలో నలుగురికి ఒక్కరు. ఆ దెబ్బతోనే 1914లో ప్రతి మనిషికీ పడవలో చోటుండాలని పలు దేశాలు ఒప్పందం రాసుకున్నాయి. "ఇప్పుడు అందరికీ చోటుందమ్మా," అని చెప్పాను. ఆ రాత్రి పడుకునేముందు తమ్ముడి గది నెంబరూ, వాళ్ళు చేరవలసిన చోటూ కాగితంమీద రాయించుకుని పర్సులో పెట్టుకుంది.

మిగిలిన ప్రయాణం సుఖంగా జరిగింది. మెక్సికో తీరం చూశాం, కొబ్బరినీళ్ళు తాగాం, ఓడలో పప్పన్నం దొరకదని బెంగపెట్టుకున్న అమ్మకు రోజూ పప్పు వండి పెట్టిన గోవా వంటవాడు దొరికాడు. అదంతా వేరే కథ.

ఆఖరి ఉదయం దిగడానికి కూడా తమ్ముడికి ముందువరుస ఉంది. ఈసారి వాడు వాడుకోలేదు; మాతోనే కూర్చుని కాఫీ తాగి మాతోనే దిగాడు. కాని కింద హాలులో దారి మళ్ళీ చీలింది. అమెరికా పాస్‌పోర్టులవాళ్ళు ఒక వరుస, మాబోటివాళ్ళం ఇంకొక వరుస. తమ్ముడు ఎటు వెళ్ళాలో తెలియనట్టు ఒక్క క్షణం నిలబడ్డాడు. "వెళ్ళరా, వెళ్ళి చోటు పట్టు," అంది అమ్మ.

మా వరుస ముప్పావుగంట పట్టింది. వేలిముద్రలు, ఫోటో, ఎన్నాళ్ళుంటారు, ఎవరింట్లో ఉంటారు. బయటికి వచ్చేసరికి గాల్వెస్టన్ ఎండ చురచురలాడుతోంది. కారు తేవడానికి మరదలూ పిల్లవాడూ వెళ్ళారట. వాడొక్కడే, మా రెండు పెట్టెలూ పక్కపక్కన పెట్టి, చెరోదానిమీదా ఒక చెయ్యి వేసి, పేవ్‌మెంటుమీద కూర్చుని ఉన్నాడు.